శెనక్కాయ చెట్టు కనిపించని మూడు రోజులు

నా ఎం.టెక్. థీసిస్ కోసం గీసిన తొలి పటంలో రెండువేల పైచిలుకు చుక్కలు ఉండేవి. ఒక్కో చుక్క ఒక మనిషి. ఆ రోజుల్లో మా వయసువాళ్ళందరూ వాడుతున్న ఒక స్నేహితుల సైటులో ఇద్దరు ఒకరినొకరు మిత్రులుగా ఒప్పుకొని ఉంటే, వాళ్ళ చుక్కల మధ్య ఒక గీత. పటంలో అంతకు మించి ఏమీ ఉండదు. ముఖాలు ఉండవు, మాటలు ఉండవు. అయినా దాన్ని తెర మీద మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయిన కాలం అది. అనంతపురంలో మా ప్రయోగశాల కంప్యూటరుకు ఆ పటం గీయడానికి నలభై నిమిషాలు పట్టేది. చుక్కలన్నీ ముందు తెర మధ్యలో ఒకే ముద్దగా పుట్టేవి. ప్రోగ్రాంలో నేను పెట్టిన నియమాలు రెండే. గీత ఉన్న చుక్కలు ఒకదాన్నొకటి లాక్కోవాలి; గీత లేనివి ఒకదాన్నొకటి నెట్టుకోవాలి. ఆ రెండింటితోనే ముద్ద కదలడం మొదలుపెట్టేది. పదో నిమిషానికి పాయలు పాయలుగా విడేది. నలభై నిమిషాలు గడిచి కదలిక ఆగాక చూస్తే, మెకానికల్ బ్రాంచి వాళ్ళు ఒక మూల, సివిల్ వాళ్ళు మరో మూల, ఆడపిల్లల హాస్టలు మొత్తం పైన ఒక గుత్తిగా. ఎవరిది ఏ బ్రాంచో నేను కంప్యూటరుకు చెప్పలేదు. ఎవరికి ఎవరు తెలుసో మాత్రమే చెప్పాను. మిగిలినదంతా అదే కనిపెట్టింది. మనుషులు తమకు తెలియకుండానే ఒక ఆకారాన్ని మోస్తూ తిరుగుతున్నారన్న సంగతి నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది.

ఆకారాలు నాకు కొత్త కావు. మా నాయన గుంతకల్లు యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అక్షరాలకన్నా ముందు నేను నేర్చుకున్నది క్వార్టరు గోడకు వేలాడే రైలుమార్గాల పటం. ఏ స్టేషన్లో ఎన్ని దారులు కలుస్తాయో వేళ్ళతో లెక్కపెట్టి, గుంతకల్లు దగ్గర ఒక చేతి వేళ్ళన్నీ అయిపోతే గర్వపడేదాన్ని. ఒక చోటు ఎంత పెద్దదో కాదు, దాని గుండా ఎన్ని దారులు పోతాయో ముఖ్యమన్న ఆలోచన నాకు చదువు వల్ల రాలేదు.

థీసిస్‌లో నేను పోల్చవలసినవి రెండు వలలు. మొదటిది మా కాలేజీ విద్యార్థులది. రెండోది అదే సైటులో తమ ఊరు జిల్లా తూర్పు పల్లెల్లో ఉందని రాసుకున్నవాళ్ళది. వాటికి నేను పెట్టుకున్న పేర్లు కాలేజీ వల, పల్లె వల. ప్రతి వలలోనూ రెండు విషయాలు కొలిచాను. ఒకటి, నా మిత్రులిద్దరిని తీసుకుంటే వాళ్ళిద్దరూ ఒకరికొకరు మిత్రులై ఉండే అవకాశం ఎంత. రెండు, అందరికన్నా ఎక్కువ దారులు ఎవరి గుండా పోతున్నాయో వాళ్ళ చుక్కను తీసేస్తే వల ఏమవుతుంది.

కాలేజీ వలలో ఎవరిని తీసేసినా ఏమీ కాలేదు. అంత దట్టంగా అల్లుకొని ఉంది. పల్లె వల పూర్తిగా వేరు. అందులో ఒకే ఒక చుక్క చుట్టూ యాభై దాకా గీతలు చక్రం ఆకుల్లా విచ్చుకొని ఉన్నాయి, కాని ఆ గీతల అవతలి కొసల్లో ఉన్నవాళ్ళకు ఒకరితో ఒకరికి దాదాపు సంబంధమే లేదు. అలాంటి చుక్కను నేను అంతకు ముందు చూడలేదు. మనిషికి మిత్రులుంటే వాళ్ళలో కొందరైనా ఒకరికొకరు తెలిసి ఉండాలి కదా. దాని పేజీ తెరిచాను. ముఖం ఉండవలసిన చోట, అప్పుడే పెరికిన శెనక్కాయ చెట్టును వేర్లతో సహా ఎత్తి పట్టుకున్న ఒక చేయి. వేరుకు కాయలు, కాయలకు ఎర్రమన్ను. వయసు రాయవలసిన చోట తొంభై తొమ్మిది. ఊరు శింగనమల.

మా గైడు తెర వైపు ఒకసారి చూసి తేల్చేశారు. "ఇది మనిషి కాదమ్మా. ఎవరో ప్రకటనల కోసం పెట్టిన దొంగ ఐడీ. తీసెయ్యి."

తీసేసి చూశాను. పల్లె వల నలభై మూడు ముక్కలైంది. నాలుగో అధ్యాయంలో చివరి వాక్యం అప్పుడే రాసుకున్నాను: కాలేజీ వల గట్టిది, పల్లె వల ఒకే చుక్క మీద వేలాడే బలహీనమైన నిర్మాణం. వాక్యం బాగా కుదిరింది. కాని ఆ చుక్క ఎవరో తెలియకుండా దాన్ని కొట్టివేయడానికి చెయ్యి రాలేదు. సైటులో ప్రతి పేజీకి ఒక గోడ ఉండేది; ఎవరైనా దాని మీద రాయవచ్చు. రాశాను: మీరు ఎవరు? మరునాడు నా గోడ మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు ఉన్నాయి: "మేమెవరో చెప్పల్లంటే చానాసేపు పడ్తాది. బస్సెక్కి రా."

అనంతపురం నుంచి శింగనమలకు బస్సు గంట లోపే. బస్సులు ఆగేచోటికి ఎదురుగా ఒక జెరాక్సు, ఎస్టీడీ, ఇంటర్నెట్ గది. రెండు కంప్యూటర్లు. వాటి మధ్య కూర్చున్నామె నాకన్నా పదేళ్ళు పెద్ద. డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక ఆ గది నడుపుతోంది. ఊళ్ళో అందరూ అక్కా అనే పిలిచేవాళ్ళు కాబట్టి నాకూ ఆమె అక్కే.

"నువ్వేనా, మేం దొంగలమా దొరలమా అని విచారణ చేస్తాండేది?" అంది నన్ను చూడగానే. "కూచో. ఆ పీట కాదు, అది ఇరిగిండాది."

ఆమె చెప్పిన సంగతి ఇది. వానలు లేని ఏళ్ళలో చుట్టుపక్కల పల్లెల్లో సగం మంది బెంగళూరుకు ఇళ్ళు కట్టే పనులకు పోతారు. ఒక చోట కట్టడం అయిపోగానే మేస్త్రీ వాళ్ళను ఇంకో చోటికి తీసుకుపోతాడు. అడ్రసు నిలవదు. ఫోను మేస్త్రీ దగ్గర ఉంటుంది. అతడు నెలకొక సిమ్ మారుస్తాడు. అదే పల్లెల నుంచి పోయి బెంగళూరులో చదువుకుంటున్న పిల్లలు మాత్రం వారానికి రెండు సార్లయినా నెట్ సెంటరుకు పోయి ఈ సైటు తెరుస్తారు. కాబట్టి అక్క ఒక ఐడీ తెరిచింది. అది ఆమెది కాదు. ఏ పల్లె నుంచి ఎవరు వచ్చి ఏమి చెప్పినా ఆ ఐడీ నుంచి ఆ పల్లె విద్యార్థి గోడ మీద రాస్తుంది. విద్యార్థి చదివి, నడిచిపోయి, మనిషికి చెప్పి వస్తాడు. జవాబు అదే దారిలో వెనక్కి.

ఆమె దగ్గర అడ్డంగా గీతలున్న పొడవాటి నోటుపుస్తకం ఒకటి ఉంది. ఒక పేజీకి ఒక పల్లె. "కంప్యూటరు కాడికి ఈ గీత నీకు కనపడ్తాది," అని చూపుడువేలు పేజీ మధ్యలో ఆపింది. "ఆడినుంచి కాళ్ళతో పోయేది నీకు కనపడదు. ఇదో, ఈ పాప నర్సింగు చదువుతాండాది. ఈ పాప చెప్తే పనోళ్ళుండే షెడ్డులో పదారు మందికి తెలుస్తాది. నీ లెక్కలో ఎంతమంది?"

"ఒకరు."

"ఒకరా!" అని నవ్వి, జెరాక్సు తీయించుకుంటున్న పెద్దాయన వైపు తిరిగింది. "ఇన్నావా మామా, నువ్వు ఈయమ్మ లెక్కలో లేవంట."

"వోటరు లిస్టులోనే లేను, ఆయమ్మ లెక్కలో యాడుంటా?" అన్నాడాయన.

నన్ను వేధిస్తున్న ప్రశ్న అడిగాను. ఈ ఐడీకి అంతమంది మిత్రులు ఉండగా, వాళ్ళు ఒకరినొకరు ఎందుకు మిత్రులుగా చేర్చుకోలేదు? ఒకే పల్లె వాళ్ళు కూడా ఎందుకు చేర్చుకోలేదు?

అక్క నా వైపు కాసేపు జాలిగా చూసింది. "ఎదురింటామెకు కంప్యూటర్లో యాల రాస్తారమ్మా? కేకేస్తే పలుకుతాది."

ఆ మాట నాలో దిగడానికి బస్సులో తిరుగు ప్రయాణమంతా పట్టింది. నా పటంలో గీత లేని చోట సంబంధం లేదని నేను అనుకున్నాను. కాలేజీలో అది నిజం కావచ్చు. ఇక్కడ గీత లేని చోటే సంబంధం అన్నిటికన్నా దగ్గరిది. కాళ్ళు చేరలేని చోట మాత్రమే గీత అవసరమైంది. నేను కొలిచినది వలను కాదు. వలలో చిరిగి, మళ్ళీ కుట్టుకున్న చోట్లను. కిటికీలోంచి బయటికి చూస్తే రెండు రోజుల కిందటి వానకు ఎర్రనేల ఇంకా తడిగా ఉంది. ఎప్పుడూ కనబడే ఆ నేల మీద ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకు పోయే కాలిదారులు నాకు మొదటిసారి లెక్కపెట్టవలసినవిగా కనిపించాయి.

అంతటితో ఊరుకొని ఉంటే ఈ కథ నాకు సిగ్గు లేకుండా గుర్తుండేది.

వారం తర్వాత, సోమవారంనాడు మళ్ళీ పోయాను. పల్లె వలను మళ్ళీ మొదటినుంచి కొలవాలి; థీసిస్ ఇవ్వడానికి పది రోజులు మిగిలాయి. సైటు నుంచి మిత్రుల జాబితాలు తెచ్చే పని నా ప్రోగ్రాం చేసేది. ఒక పేజీ తెరిచి, పది సెకన్లు ఆగి, ఇంకో పేజీ తెరిచేది. ఆగకుండా తెరిస్తే అది మనిషి కాదని సైటు పసిగడుతుంది. నా సొంత ఐడీ అప్పటికే అలా మూతపడింది. అక్క ఐడీ వాడుకోనిస్తుందేమో అడుగుదామని పోయాను.

నేను పోయేసరికి అక్క ముందు ఒకామె నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. కుడిచేతికి మోచేతి దాకా వెదురుబద్దల కట్టు. వానకు ఇంటి వెనక గోడ కూలి చేయి విరిగింది. బెంగళూరులో ఉన్న మొగుడికి ఆమె ఏమి చెబితే అక్క అది టైపు చేస్తోంది.

"చెరువు నిండిందని రాయి. అలుగు పారతాందని రాయి. ఎన్నేండ్లకు నిండిందో రాయొద్దు, వానికి తెలుసు. శుక్రవారం పొద్దున కాలువ తీస్తారు, రావల్ల అని రాయి."

నాకు అర్థం కాలేదని గమనించి ఆమె నా వైపు తిరిగింది. వాళ్ళ ఊరి కట్టుబాటు చెప్పింది. చెరువు నిండిన ఏడు, తూము ఎత్తే రోజు పొద్దున, చెరువు కింద పొలమున్న ప్రతి ఇంటివాళ్ళూ తమ వంతు కాలువ తామే పూడిక తీయాలి. మధ్యాహ్నానికి తూము ఎత్తుతారు. తీయని వాళ్ళ మడికి ఆ పంటకు నీళ్ళు లేవు.

"వేరే ఎవరైనా తీయకూడదా?" అన్నాను.

"తీయొచ్చు. ఎవరుండారు? ఆ పొద్దు ఊర్లో ప్రెతి ఒక్కనికీ వాని కాలువే వానికి." కట్టు ఉన్న చేతిని కొంచెం పైకెత్తింది. "ఇది లేకుంటే మొగోన్నెవర్నీ పిలిచేదాన్ని కాదు. నేనే తీద్దును. ఐదేండ్లుగా ఆ మడిలో కంపచెట్లే మొలిచినాయమ్మా. ఈ తూరి వరి నాటకపోతే మళ్ళా బెంగులూరే, ఈ తూరి ఇద్దురమూ."

అక్క రాయడం ముగించింది. నర్సింగు చదివే అమ్మాయి మంగళవారం సాయంత్రం సైటు తెరుస్తుంది. బుధవారం ఆ మాట షెడ్డుకు చేరుతుంది. గురువారం రైలు. సరిపోతుంది.

ఆమె పోయాక నేను పాస్‌వర్డ్ అడిగాను. ఎందుకో వివరించబోతే అక్క చేయి అడ్డం పెట్టింది. "వాడుకో పో. అది అందరిదీ కదా." బస్టాండులో కుండ మీది గ్లాసు అందించినంత సులువుగా కాగితం మీద రాసిచ్చింది.

ఆ సాయంత్రం ఆరు గంటలకు అనంతపురంలో ప్రోగ్రాం నడిపించాను. పది సెకన్ల చొప్పున అయితే ఆరు రోజులు పడుతుందని లెక్క తేలింది. పది అని ఉన్న చోట రెండు అని మార్చి, గదికి పోయాను. ఆ పని చేయడానికి నాకు పట్టిన కాలం ఒక్క నిమిషం కూడా కాదు.

మంగళవారం ఉదయం పది గంటలకు తెర మీద నాలుగు వాక్యాల నోటీసు ఉంది. అసహజమైన వాడకం వల్ల ఈ ఐడీ మూసివేయబడింది. విచారణకు వారం పట్టవచ్చు. శెనక్కాయ చెట్టు బొమ్మ లేదు. దానితో పాటు అది ఎక్కడెక్కడ ఏ గోడల మీద ఏమేమి రాసిందో అదంతా మాయమైంది. సోమవారంనాడు రాసిన కబురు కూడా.

మధ్యాహ్నం బస్సుకు శింగనమల పోయి ఉన్నదున్నట్టు చెప్పాను.  అక్క మూత పడిన పేజీని రెండు సార్లు తెరిచి చూసింది. తర్వాత అడిగింది: "పది నుంచి రెండుకు. ఎనిమిది సెకండ్లు. వాట్ని దాచిపెట్టి ఏం జేద్దామనుకుంటివమ్మా?"

 నర్సింగు అమ్మాయికి ఫోను లేదు. హాస్టలు నంబరుకు చేస్తే ఎవరూ పిలిచి ఇవ్వలేదు. అక్కడే కూర్చుని ఒక కొత్త ఐడీ తెరిచి ఆ అమ్మాయి గోడ మీద కబురంతా మళ్ళీ రాశాను. ఆ సాయంత్రం జవాబు లేదు. బుధవారం ఉదయం చూస్తే నా రాత కూడా లేదు, ఎవరో తుడిచేశారు. చేతికి కట్టు ఉన్నామెకు సంగతి తెలిసి ఆ రోజే వచ్చింది. నన్ను తిట్టలేదు. "శుక్రవారం లోపల తెరుచుకుంటాదా?" అని మాత్రం అడిగింది. తెరుచుకోదన్నాను. ఆమె తలుపు పట్టుకొని ఒక్క క్షణం నిలబడి, బస్సు వచ్చిందని వెళ్ళిపోయింది.

ఏమి జరుగుతుందో నాకు ముందే తెలుసు. కంప్యూటరులో ఆ ప్రయోగం నేను చేసి ఉన్నాను. ఆ చుక్కను తీసేస్తే వల నలభై మూడు ముక్కలవుతుంది. ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి మాట పోదు. తెర మీద నేను చేసిన పనిని ఈసారి నిజంగా చేశాను, అంతే తేడా.

బుధవారం సాయంత్రం ఎస్టీడీ నుంచి మా నాయనకు ఫోను చేశాను. సలహా కోసం కాదు. తప్పు చేసినప్పుడు ఆయనకు చెప్పడం నాకు అలవాటు. అంతా విని ఆయన అడిగింది ఒకటే. "గుంతకల్లు యార్డు మూసుకుపోతే బెంగులూరు బండి ఏం చేస్తాది పాపా?"

"ఆగిపోతుంది."

"యాల ఆగిపోతాది? గుత్తి కాడ మళ్ళిస్తారు. కల్లూరు మీదుగా ధర్మవరం దిగుతాది. బండికి గుంతకల్లుతో ఏం పని? దానికి ఊరు చేరేది పని." మళ్ళీ తనే, "అయినా మీ ఆ కబురుకు కల్లూరు లాంటిది ఏమన్నా ఉండాదో లేదో నాకేం తెలుసు. నువ్వు చేసింది తప్పే. ఆడికే పోయి కూచో, పారిపోవాకు," అన్నాడు.

గురువారం అక్క దగ్గరే కూర్చున్నాను. ఏ కబురూ రాలేదు. రాత్రికి ఆమె ఇంట్లోనే పడుకున్నాను.

శుక్రవారం ఉదయం ఏడు నలభైకి అనంతపురం బస్సు వచ్చి ఆగింది. అక్క అప్పుడే గది షట్టరు ఎత్తుతోంది. బస్సులోంచి ఒక మనిషి సంచి భుజాన వేసుకొని దిగాడు. వెనకాలే ఇంకొకడు. తర్వాత ఇద్దరు. లెక్కపెట్టడం నా అలవాటు. పదకొండు మంది దిగారు. అందరి చెప్పుల మీదా సిమెంటు తెలుపు. అందరూ తిన్నగా షట్టరు దగ్గరికి వచ్చారు.

"ఏమైనాదక్కా?" అన్నాడు ముందున్నవాడు. అతడి గొంతులో భయం ఉంది. "చెట్టు యాడికి పోయినాది?"

 అక్క షట్టరు సగంలో అలాగే పట్టుకొని నిలబడింది.

"చెట్టు కనపడ్డంల్యా అంటే మేం ఏమనుకోవల్ల?" అన్నాడు ఇంకొకడు. "కట్ట తెగి ఊర్లు కొట్టుకపోయినాయన్నారు ఒగరు. నీకేమో అయినాదన్నారు ఇంగొగరు. మా షెడ్డులో ఆడోళ్ళు అన్నం తినల్యా!"

"నాకేమైతాది, గుండ్రాయి మాదిరి ఉండా," అంది అక్క. అప్పటికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వు కూడా వచ్చింది. గడ్డంతో నా వైపు చూపించింది. "ఈయమ్మ చేసినాది ఇదంతా. అడగండి. మీ పదకొండు మందికీ పొద్దుటి టిఫిను ఈమెదే."

పదకొండు మంది నన్ను చూశారు. నేను చేసినది వాళ్ళకు చెప్పాను. అర్థమైందో లేదో, అందులో పెద్దవాడు మాత్రం, "అంటే ఊర్లో ఎవురూ సావలా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి ఆ మాట ముందే చెప్పకూడదా తల్లీ, దొరికిన రైలెక్కి ఎగేసుకొని వస్తిమి," అన్నాడు. అందరూ ఒక్కసారిగా నవ్వారు. నవ్వులో నిందే ఎక్కువ ఉంది. నేను దానికి తగినదాన్నే.

ఆ గుంపులో ఒకడు నవ్వలేదు.  రోడ్డు పక్క కాలువలో పారుతున్న ఎర్రనీళ్ళను చూస్తున్నాడు. "అక్కా, మా చెరువు?" అన్నాడు.

"నిండింది. ఈ పొద్దే కాలువ తీసేది. నీ పెండ్లాం చెయ్యిరిగింది. పరిగెత్తు," అంది అక్క.

ఆమె అలా అన్నంతలోనే అతడు రోడ్డు మీద ఉన్నాడు. ఒక ఇటుకల ట్రాక్టరు ఆపి ఎక్కాడు. టిఫిను మిగిలిన పదిమందికే పెట్టించాను.

వాళ్ళు తింటున్నంతసేపూ నేను ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడిగాను: నీకు ఎవరు చెప్పారు? జవాబులు అక్క నోటుపుస్తకంలో వెనక పేజీల్లో బాణాలుగా గీశాను. ఆమే తర్వాత చెప్పినట్టు, మంగళవారం సాయంత్రం నర్సింగు అమ్మాయి సైటు తెరిచింది. చెట్టు లేదు. బొమ్మ లేని కొత్త ఐడీ ఒకటి ఏదో రాసి ఉంది, మోసగాళ్ళదనుకొని చదవకుండానే తుడిచేసింది. కాని చెట్టు లేకపోవడం ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. చీకటి పడకముందే షెడ్డుకు నడిచిపోయింది. మేస్త్రీ అక్కడినుంచి మనుషులను మార్చేశాడు. కొత్త చోటు ఎవరికీ తెలియదు. అక్కడ మిగిలిన కళ్యాణదుర్గం ఆడవాళ్ళకు చెప్పి వెనక్కి పోయింది. వాళ్ళు మరునాడు నీళ్ళ ట్యాంకరు డ్రైవరుకు చెప్పారు. ఆ ట్యాంకరు రోజుకు ఏడు కట్టడాలకు నీళ్ళు పోస్తుంది. అప్పటికి ఇంకో ఇద్దరు విద్యార్థులు, ఒకరికొకరు ముఖం కూడా తెలియని వాళ్ళు, తమ తమ పల్లెల షెడ్లకు ఇదే మాట మోసి ఉన్నారు. ఒక షెడ్డులో వాడి బావమరిది ఇంకో షెడ్డులో. అక్కడివాడికి ఒక మేనమామ. బుధవారం సాయంత్రానికి, నా పటం ప్రకారం ఒకదానికొకటి ఏ దారీ లేని తొమ్మిది ముక్కలకు ఒకే కబురు చేరింది. గీసిన బాణాల్లో ఒక్కటి కూడా నా పల్లె వల పటంలో లేదు.

నేను నోటుపుస్తకం మూశాను. నా ప్రయోగశాలలో వల విడిపోవడాన్ని చూసి నిలబడ్డానని మొదట చెప్పాను. అది రెండు నియమాలు చేసిన పని. దీనికి నియమం ఏమిటో నాకు తెలియదు. మాట పోవడానికి దారి కావాలని మాకు నేర్పారు. ఇక్కడ మాటే లేదు. ఒక బొమ్మ కనబడకపోవడం అనే చిన్న లోపం, అంతమంది చేతులు మారి, ఎక్కడా ఆగకుండా, సరిగ్గా చేరవలసిన మనిషిని చేరింది.

పదిన్నరకు అక్క, నేనూ ఆ ఊరికి పోయాం. చెరువు కట్ట దిగగానే కాలువ పొడుగునా మనుషులు, వాళ్ళ పారలు. ఒక్కొక్కరి వంతుకు హద్దుగా ఒక రాయి. చేతికి కట్టు ఉన్నామె వంతు చివరి నుంచి మూడోది, ఇరవై గజాలు ఉంటుంది. ఆమె మొగుడు చొక్కా విప్పి అప్పటికే సగానికి పైగా తీశాడు. ఆమె గట్టు మీద నిలబడి ఎడమచేత్తో కంపమొక్కల వేళ్ళు పట్టి లాగుతూ, "ఈడ లోతు చాలదు, ఇంగా తీయి, ఇంగా," అని అరుస్తోంది. నన్ను చూసి మాట ఆపింది. తర్వాత తలతోనే దగ్గరికి రమ్మంది.

నా బాణాల పటంలో ఒక చోటు ఖాళీగా ఉంది. పదిమందికి ఎవరు చెప్పారో తెలిసింది. ఇతడికి ఎవరు చెప్పారో తెలియలేదు. నోటుపుస్తకం తీసుకొని కాలువలోకి దిగి అడిగాను.

"నీకు రమ్మని ఎవరు చెప్పినారన్నా?"

అతడు పార ఆపలేదు. "ట్యాంకరాయన చెట్టు కనపడల్యా అన్నాడు."

"అది సరే. శుక్రవారం రావాలని?"

"ఎవురూ చెప్పల్యా." ఒక తట్ట మన్ను గట్టు మీదికి విసిరాడు. "ఎవురూ ఏమీ చెప్పకపోతే కదా రావాల్సింది."

నేను ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటూ నిలబడ్డాను. థీసిస్ నాలుగో అధ్యాయంలో చివరి వాక్యం కొట్టివేయాలని అప్పుడే తెలుసు. దాని చోట ఏమి రాయాలో తెలియలేదు. పైన తూము దగ్గర కేకలు లేచాయి. అతడు చివరి తట్ట ఎత్తి, నడుము నిలబెట్టి, నా కాళ్ళ వైపు చూశాడు.

"గట్టెక్కమ్మా, నువ్వు కాలువలో ఉండావు. నీళ్ళొస్తాండాయి."